గుమాస్తా కబుర్లు: పరవాలేదు



కిందటి నెల ఒక ఆదివారం సాయంత్రం మన సంఘం గ్రంథాలయంలో కూర్చుని పత్రికలు తిరగవేస్తున్నాను. ఒక పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మనిషి నిటారుగా వున్నారు, మీసం దువ్వుకొని వున్నారు, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. మిలిటరీలో పనిచేసిన మనిషని చూడగానే తెలిసిపోయింది. "ఏమండీ గుమాస్తాగారూ! ప్రతి నెలా పట్టాల గురించీ, పన్నుల గురించీ, రేషను కార్డుల గురించీ వ్రాస్తారు గదా. మా పటాలంవాళ్ళ వైద్యం సంగతి ఒక్కనాడైనా వ్రాశారా?" అని అడిగారు.

వ్రాయలేదు. ఆ మాటే ఒప్పుకొని, "తప్పకుండా వ్రాస్తాను. ముందు మీరు చెప్పండి, అక్కడ మీకు ఎట్లా జరుగుతున్నది?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "పరవాలేదు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట పెగలలేదు. గొడుగు చంకన పెట్టుకొని వెళ్ళిపోయారు.

అడిగి వ్రాయించుకోవాలని వచ్చిన మనిషి, అసలు ప్రశ్న వేసేసరికి ఆ ఒక్క మాటతో ఎందుకు సరిపెట్టుకొన్నారా అని నేను వారం రోజులు ఆలోచించాను. ఆలోచించగా మా ఇంట్లో జరిగిన సంగతే గుర్తుకు వచ్చింది. ఈ నెల కబుర్లు దాని గురించే.

"పరవాలేదు" అన్న మాట మనకూ అరవవారికీ ఉమ్మడి ఆస్తి. వారు "పరవాయిల్లై" అంటారు. ఇంట తెలుగూ వీధిలో అరవమూ మాట్లాడుకొంటూ తరాలు గడిపిన మన కుటుంబాలలో ఏ మాట ఏ భాషదో చెప్పడం కష్టం. పెళ్ళిలో సాంబారు చల్లారిపోతే పరవాలేదు. బస్సులో కాలు తొక్కితే పరవాలేదు. అప్పు తీసుకొన్నవాడు మూడోసారి వాయిదా అడిగితే అదీ పరవాలేదే. ఈ మాటకు "బాగున్నది" అని అర్థం చెప్పుకొనేవారున్నారు. "బాగా లేదు గాని మీతో చెప్పి ప్రయోజనం లేదు" అన్న అర్థమూ దానికి వున్నది. ఏ అర్థంలో అన్నారో ముఖం చూసి తెలుసుకోవాలి. కాగితానికి ముఖం లేదు గదా!

మన వేలూరు, తిరుపత్తూరు ప్రాంతాలకు సిపాయి వుద్యోగం కొత్త కాదు. వేలూరు దగ్గర కమ్మవాన్‌పేట అనే ఊరు వున్నది. ఇంటింటా మిలిటరీవాళ్ళే వున్నారని పత్రికలు దానిని మిలిటరీ ఊరని వ్రాస్తూంటాయి. గుడియాత్తం వైపునా, తిరుపత్తూరు వైపునా మనవాళ్ళలో మద్రాసు రెజిమెంటుకు పోయినవారున్నారు, బెంగుళూరులో మద్రాసు శాపర్ల దళంలో చేరినవారున్నారు. వైద్యమూ ఈ నేలకు కొత్త కాదు. ఐడా స్కడర్ దొరసాని 1900లో ఒక్క పడకతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ దేశం నలుమూలల నుండి రోగులు వచ్చే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అయినది. ఇంకా వెనక్కు పోతే, చెన్నై సెంట్రలు స్టేషనుకు ఎదురుగా వున్న పెద్దాసుపత్రి 1664లో కోటలో పుట్టినప్పుడు జబ్బుపడిన కంపెనీ సిపాయిల కోసమే పుట్టినది. అంటే సిపాయికి వైద్యం చేయాలన్న ఆలోచన చాలా పాతది. వైద్యం ఎట్లా వున్నదని సిపాయిని అడగడం మాత్రం నిన్న మొన్న వచ్చిన ఆచారం.

తెలియనివారి కోసం ముందుగా సంగతి చెబుతాను. సైన్యంలో వున్నంతకాలం సిపాయికీ అతని కుటుంబానికీ మిలిటరీ ఆసుపత్రి చూసుకొంటుంది. పెన్షను పుచ్చుకొని ఇంటికి వచ్చిన తరువాత మాత్రం పూర్వం ఇబ్బందిగా వుండేది. మిలిటరీ ఆసుపత్రులు కంటోన్మెంట్లు వున్న చోట వుంటాయి, పెన్షనుదారులు పల్లెల్లో వుంటారు. ఈ ఇబ్బంది తీర్చడానికి 2003 ఏప్రిల్ 1వ తేదీ నుండి మాజీ సైనికులకు ఒక ఆరోగ్య పథకం పెట్టారు. దానినే అందరూ ఇ.సి.హెచ్.యస్. అంటారు. రిటైరయ్యేటప్పుడు ఒక్కసారి చందా కట్టాలి. 1996కు ముందు రిటైరయిన పెద్దలు ఆ చందా కూడా కట్టనక్కరలేదు. సభ్యులకు ఒక కార్డు ఇస్తారు. భార్యకు కూడా కార్డు వుంటుంది.

పథకం నడిచే తీరు ఇది. ఊళ్ళలో పాలిక్లినిక్కులు పెట్టారు. మన వేలూరులోనూ ఒకటి వున్నది. మామూలు జబ్బులకు అక్కడ డాక్టరు చూసి మందులు ఇస్తారు. పెద్ద జబ్బయితే, పథకంతో ఒప్పందం చేసుకొన్న ప్రైవేటు ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపుతారు. ఆ చీటీ పట్టుకొని పోతే అక్కడ డబ్బు కట్టనక్కరలేదు, బిల్లు ప్రభుత్వానికి పోతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చీటీ కోసం చూడకుండా దగ్గర వున్న ఏ ఆసుపత్రికైనా పోవచ్చు. అది ఒప్పందం లేని ఆసుపత్రి అయితే 48 గంటలలోగా పాలిక్లినిక్కుకు తెలియజేయాలి. పాలిక్లినిక్కులో మందు లేకపోతే, లేదని వ్రాయించుకొని బయట కొని బిల్లు పెట్టుకొనే దారి వున్నది.

కాగితం మీద చూస్తే ఇంతకన్న ఏమి కావాలి? నేను ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో కాగితాలు చూసి బ్రతికేవాణ్ణి గనుక కాగితం మీద బాగున్నదాన్ని వెంటనే నమ్మేస్తాను. ఇక మా ఇంటి కథ.

మా మామగారు మద్రాసు శాపర్లలో హవల్దారుగా పనిచేసి 1989లో పెన్షను పుచ్చుకొన్నారు. 1971 యుద్ధానికి పోయి వచ్చిన మనిషి. రక్తపుపోటూ చక్కెరా రెండూ వున్నాయి. అప్పట్లో మామగారూ అత్తగారూ కాపురం వుండినది మరొక జిల్లాలో. ఆ ఊరి పేరు వ్రాయను, అవసరమూ లేదు. నెలకు ఒకసారి తెల్లవారుజామునే లేచి రెండు బస్సులు మారి అక్కడి పాలిక్లినిక్కుకు పోయి, వరుసలో నిలబడి, మందులు తెచ్చుకొనేవారు. నేను ఫోనులో "ఎట్లా వుంది మామా?" అని అడిగితే, "పరవాలేదు నాయనా" అనేవారు. నేను కూడా మరొక ప్రశ్న వేయకుండా ఫోను మా ఆవిడకు ఇచ్చేసేవాణ్ణి.

2022లో ఒకనాటి రాత్రి అత్తగారు ఫోను చేశారు. మామగారికి ఎడమచెయ్యి పట్టు తప్పినది, మాట ముద్ద ముద్దగా వస్తున్నది. పక్కింటి కుర్రవాడు కారులో వేసుకొని ఆ ఊళ్ళోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. అది ఒప్పందం వున్న ఆసుపత్రి. కార్డు చూపించగానే చేర్చుకొన్నారు. మేము తెల్లవారేసరికి అక్కడికి చేరాము. తొమ్మిది రోజులు వుంచారు. ఒక్క రూపాయి అడగలేదు. నా జీతంలో ఆ బిల్లు కట్టాలంటే ఎన్నేళ్ళు పట్టేదో లెక్క వేసి చూసుకొన్నాను. ఈ పథకం పెట్టినవారికి ఆనాడు మా ఆవిడ ఆసుపత్రి వరండాలోనే చేతులెత్తి దండం పెట్టింది. ఈ మాట ముందు చెప్పకుండా మిగతాది చెబితే పాపం.

మిగతాది ఏమిటంటే, ఇంటికి వచ్చిన తరువాత మందుల పెట్టె సర్దుతూ మా ఆవిడ నన్ను పిలిచింది. "ఏమండీ, ఇది చూడండి. ఈ మాత్రలు ఎక్కువ మిగిలి వున్నాయేమి?" అన్నది. రక్తపుపోటు మాత్రల అట్టలు లెక్కపెట్టాము. రోజుకు ఒకటి వేసుకోవలసినవి రోజు విడిచి రోజు వేసుకొంటూ వచ్చారు. అత్తగారిని అడిగితే అసలు సంగతి బయటపడింది. కొన్ని నెలలుగా ఆ మాత్రలు అక్కడ పూర్తిగా దొరకడం లేదు. ఒక నెల పదిహేను ఇచ్చారు, ఒక నెల అసలు లేవన్నారు, మరుసటి నెల మళ్ళీ పదిహేను. అందుకని మామగారు వున్నవాటిని పొదుపు చేసుకొన్నారు, యుద్ధంలో తూటాలు పొదుపు చేసుకొన్నట్టు. బయట కొంటే నెలకు నాలుగు వందల రూపాయల లోపే.

పొదుపు వల్లనే ఆ జబ్బు వచ్చినదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. డాక్టరుగారు మాత్రం, "ఈ మందు ఒక్కరోజు కూడా మానకూడదు, మానితే ఇటువంటివి వస్తాయి" అని గట్టిగా చెప్పారు.

అదే పెట్టెలో అడుగున మరొక కాగితం దొరికింది. రెండు నెలల కిందట పాలిక్లినిక్కులో పంచిన అభిప్రాయ పత్రం, పాడైతే వుంటుందని అదనంగా ఇచ్చిన రెండో ప్రతి. మామగారు దానిని కూడా నింపి భద్రంగా పెట్టుకొన్నారు. డాక్టర్ల సేవ, నర్సుల సేవ, శుభ్రత, మందుల పంపిణీ అని వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికి ఎదురుగా అయిదు గడులు వున్నాయి. మామగారు అన్నిటికీ మొదటి గడిలోనే గుర్తు పెట్టారు. "చాలా తృప్తి." మందుల పంపిణీకి కూడా.

మామగారు కాస్త కోలుకొన్న తరువాత నేను ఆ కాగితం చూపించి అడిగాను.

"మామా, మందులు సగమే ఇస్తున్నప్పుడు చాలా తృప్తి అని ఎందుకు వ్రాశారు?"

"మరి ఏమి వ్రాయమంటావు నాయనా? ఆ పిల్ల మంచిది. మందులిచ్చే పిల్ల. నన్ను తాతా అని పిలుస్తుంది. తెప్పించి ఇవ్వనిది పైవాళ్ళు. ఆమె పేరు చెడగొట్టేదెందుకు?"

"మందు లేదని వ్రాయించుకొని బయట కొని బిల్లు పెట్టుకోవచ్చు గదా?"

"నాలుగు వందల కోసం మూడుసార్లు తిరగమంటావా? బస్సుకే అంత అవుతుంది."

"నాతో అయినా చెప్పవలసింది."

ఆయన కాసేపు వూరకున్నారు. తరువాత, "సైనిక్ సమ్మేళన్ అని మాకు పెట్టేవారు. అందరినీ కూర్చోబెట్టి సి.ఓ. సాహెబు అడుగుతాడు, 'కోయీ తక్‌లీఫ్?' అని. మేమంతా ఒక్క గొంతుతో 'నహీ సాబ్!' అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళు అట్లా అన్న నోరు నాయనా ఇది. ఎవరైనా 'కష్టమా' అని అడిగితే లేదనే వస్తుంది" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఎవరి తప్పు అని వెతికితే నా వాటా ముందు కనిపించింది. ఆఫీసులో రోజూ పదిమంది అర్జీలు చదువుతాను. తాలూకా ఆఫీసుకు పోయే ముసలివారికి కాగితాలు వ్రాసిపెడతాను. బిల్లు పెట్టుకొనే దారి నాకు తెలుసు. మామగారి మాత్రలు ఎన్ని వచ్చాయని మాత్రం ఒక్కనాడు అడగలేదు. ఆయన పరవాలేదన్నారు, నాకూ అది చాలింది.

అప్పటి నుండి ఈ "తృప్తి" అన్నదాని గురించి దొరికినది చదువుతూ వస్తున్నాను. వయస్సు మీరినవారు పడుచువారికన్న ఎక్కువ తృప్తి చెబుతారని దీనిని పరిశోధించినవారు చాలాకాలంగా గమనించారట. ఇందులో ఆశ్చర్యమేమున్నది? తృప్తి అనేది జరిగినదాన్ని బట్టి మాత్రమే రాదు, మనిషి ఆశించినదాన్ని బట్టి కూడా వస్తుంది. మంచులో గుడారం వేసుకొని చల్లారిన రొట్టె తిన్న మనిషికి పాలిక్లినిక్కు బెంచీ సింహాసనమే. అతని తృప్తి అబద్ధం కాదు. అయితే ఆ తృప్తిని చూపించి మందుల బీరువా నిండుగా వున్నదనుకొంటే అది పొరపాటు. మనిషికి తృప్తిగా వుండవచ్చు, ఒంటికి మందు అందకపోవచ్చు. రెండూ వేరు సంగతులు.

లెక్కలు చూసేవారికి బీరువా సంగతి తెలియకపోలేదు. 2015లో కేంద్ర ప్రభుత్వపు ఆడిటరు జనరలుగారు, అంటే మనవాళ్ళు కాగ్ అనేవారు, ఈ పథకం మీద ఒక నివేదిక ఇచ్చారు. మందుల సరఫరాలో లోటుపాట్లూ, ఆసుపత్రుల బిల్లుల చెల్లింపులో ఆలస్యమూ అందులో వ్రాశారు. ఆడిటరు తృప్తిగా వున్నారా అని అడగడు. ఎన్ని కావాలి, ఎన్ని వచ్చాయి, ఏనాటికి వచ్చాయి అని అడుగుతాడు. అందుకే అతనికి నిజం దొరుకుతుంది. గుమాస్తాలమైన మేము ఆడిటరు వస్తున్నాడంటే భయపడతాము గాని, అతని ప్రశ్నలు మంచివని ఒప్పుకోవాలి.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. డబ్బుకు లోటు లేని అమెరికాలో కూడా ఇదే జరిగింది. అక్కడ మాజీ సైనికులకు ప్రభుత్వమే ఆసుపత్రులు నడుపుతుంది. 2014లో ఫీనిక్స్ అనే ఊళ్ళోని ఆసుపత్రిని తనిఖీ చేశారు. కొత్త రోగికి సగటున 24 రోజులలో డాక్టరు దర్శనం దొరుకుతున్నదని ఆసుపత్రి కాగితాలు చెప్పాయి. తనిఖీదారులు 226 మంది రోగుల సంగతి తీసి చూస్తే సగటున 115 రోజులు పట్టింది. పైగా 1,700 మంది పేర్లు అధికారికమైన జాబితాలోనే లేవు. వాళ్ళు ఎదురు చూస్తున్నట్టు ఏ కాగితానికీ తెలియదు! ఆ గొడవలో మాజీ సైనికుల శాఖ మంత్రి ఎరిక్ షిన్‌సెకీ రాజీనామా ఇచ్చారు. ఆయనా ఒకప్పుడు సైన్యాధిపతే. కాగితం బాగుంటే పైవారికి కింది కష్టం కనిపించదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

కష్టం చెప్పుకొన్నవాణ్ణి వినకపోతే ఏమవుతుందో మన వేలూరు కోటకు వేరే చెప్పనక్కరలేదు. 1805 చివర కొత్త తలపాగా పెట్టాలనీ, బొట్టూ గడ్డమూ తీసివేయాలనీ, చెవిపోగులు కూడదనీ సిపాయిలకు హుకుములు వచ్చాయి. 1806 మే నెలలో కొందరు అయిష్టం చెప్పారు. వారిని శిక్షించారు. తరువాత కొంతకాలం ఎవరూ ఏమీ అనలేదు. దొరలకు అంతా సవ్యంగా వున్నట్టే కనిపించి వుంటుంది. జూలై 10వ తేదీ తెల్లవారకముందే తిరుగుబాటు జరిగింది. ఆ కాలం వేరు, మన కాలం వేరు. ఇప్పటి మన పెద్దలు ఎవరి మీదా తిరగబడరు. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకొంటారు, అంతే.

అయితే రోగిని అడగడమే మానుకోవాలా? మానుకోనక్కరలేదు. అడిగే పద్ధతి మార్చుకొంటే చాలు. అమెరికాలోనే 2006 నుండి ఆసుపత్రులకు ఒక కొత్తరకం ప్రశ్నావళి పెట్టారు. నర్సులతో తృప్తిగా వున్నారా అని అందులో అడగరు. నర్సులు మీరు చెప్పినది ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు అని అడుగుతారు. ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అని నాలుగు జవాబులు. కొత్త మందు ఇచ్చేటప్పుడు అది దేనికోసమో ఎంత తరచుగా చెప్పారు అని మరొకటి. చూడండి, ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎవరినీ నిందించనక్కరలేదు. జరిగినది జరిగినట్టు చెబితే చాలు. మా మామగారిని "మందుల పంపిణీ తృప్తిగా వున్నదా?" అని అడిగితే వున్నదన్నారు. "ఈ నెల ఎన్ని మాత్రలు వ్రాశారు, ఎన్ని చేతికి వచ్చాయి?" అని అడిగివుంటే, "ముప్పై వ్రాశారు, పదిహేను వచ్చాయి" అని నిజం చెప్పేవారు. రిపోర్టు ఇవ్వడం సిపాయికి తెలుసు. ఫిర్యాదు చేయడమే చేతకాదు.

ఇంకొక సంగతి. ఈ అభిప్రాయ పత్రాలు అక్కడికి వచ్చినవారికే అందుతాయి. రానివారి మాట ఏమిటి?

గుడియాత్తంలో మా అత్తగారి వైపు బంధువు ఒకావిడ వున్నారు. భర్త పటాలంలో పనిచేసి పెన్షను తీసుకొంటూ పోయారు. ఆవిడకు కుటుంబ పెన్షను వస్తున్నది. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి బాధపడుతూ, నెల నెలా ప్రైవేటు డాక్టరుకు డబ్బు పోస్తున్నారు. కిందటి సంక్రాంతికి చూడటానికి పోయినప్పుడు, "అక్కా, మీకు మిలిటరీ వైద్యం వున్నది గదా, పోవడం లేదా?" అని మా ఆవిడ అడిగింది. "అది ఆయనకు గదమ్మా. ఆయనతోనే పోయింది" అన్నారావిడ. అది ఆయనతో పోలేదు. కుటుంబ పెన్షను తీసుకొనే భార్యకు ఆ హక్కు వుంటుంది, కార్డు తన పేర మార్పించుకోవాలి. ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పి వుంటే ఏ ఇంగ్లీషు కాగితంలోనో చెప్పి వుంటారు. ఆవిడ చదవగలిగినది కొంచెం తెలుగు, మాట్లాడగలిగినది తెలుగూ అరవమూ. ఇటువంటివారి అసంతృప్తి ఏ గడిలోనూ పడదు. వారు లెక్కలోనే లేరు గదా!

ఆ మరుసటి వారం నేను సెలవు పెట్టి ఆవిడతో పోయి అర్జీ పెట్టించి వచ్చాను. పోయిన చోట మాతో మాట్లాడిన వుద్యోగి మర్యాదగానే మాట్లాడాడు, ఏ ఏ కాగితాలు కావాలో ఓపికగా అరవంలో చెప్పాడు. ఇది కూడా వ్రాయాలి. ఈ పాలిక్లినిక్కులలో డాక్టర్ల దగ్గర నుండి అటెండర్ల దాకా చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవారే. ఎదుట ముసలివారి వరుస, వెనుక ఖాళీ బీరువా, నడుమ వారు. మన పెద్దలు వారిని కాపాడాలనే "చాలా తృప్తి" అని వ్రాస్తారు. అయితే దానివల్ల వారికి మేలు జరగదు. మందులు చాలడం లేదని నూరుమంది వ్రాస్తే, తెప్పించమని పైవారిని అడగడానికి ఆ పిల్ల చేతికే ఒక ఆధారం దొరుకుతుంది. అందరూ తృప్తి అని వ్రాస్తే ఆ పిల్ల ఏమి చూపించి అడుగుతుంది?

ఇక మనం చేయగలిగినది నాలుగు మాటలలో చెబుతాను. పెద్ద పనులు కావు.

మొదటిది. ఇంట్లో మిలిటరీ పెన్షనుదారు వుంటే నెలకు ఒకసారి మందుల అట్టలు మీరే లెక్కపెట్టండి. ఎట్లా వున్నదని అడగకండి. ఎన్ని వ్రాశారు, ఎన్ని వచ్చాయి, ఇవాళ వేసుకొన్నారా అని అడగండి.

రెండవది. మందు లేదంటే, ఆ మాట చీటీ మీద వ్రాయించుకోండి. బిల్లు భద్రంగా పెట్టండి. డబ్బు చిన్నదే కావచ్చు. ఆ కాగితమే ఫలానా రోజున ఫలానా మందు లేదనడానికి సాక్ష్యం. కాగితం మీద లేనిది ప్రభుత్వానికి లేనట్టే. ఇది ఇరవై ఏళ్ళ గుమాస్తా మాట, నమ్మండి.

మూడవది. ఇబ్బంది వుంటే ముందు పాలిక్లినిక్కు ఆఫీసరుగారికే మర్యాదగా వ్రాసి ఇవ్వండి. అక్కడ తీరకపోతే చెన్నైలో పథకపు ప్రాంతీయ కేంద్రం వున్నది. కలెక్టరు ఆఫీసులో మాజీ సైనికుల కోసం ప్రత్యేకంగా విన్నపాల దినం జరిపినప్పుడు అక్కడా ఇవ్వవచ్చు. అర్జీలో కోపతాపాలు వద్దు. తేదీ, మందు పేరు, వ్రాసినవి ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, ఇంతే చాలు.

నాలుగవది. మీ వీధిలో సిపాయి భార్య ఎవరైనా ఒంటరిగా వుంటే కార్డు వున్నదా అని అడగండి. లేకపోతే మన సంఘానికి చెప్పండి. గ్రంథాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టడానికి కార్యదర్శిగారు ఒప్పుకొన్నారు. పేరు వ్రాయనక్కరలేదు. ఏ నెల ఏ మందు దొరకలేదో వ్రాస్తే చాలు. తెలుగులోగాని అరవంలోగాని వ్రాయవచ్చు. వ్రాయలేనివారికి ఆదివారం సాయంత్రాలు నేను వ్రాసిపెడతాను.

మామగారూ అత్తగారూ ఇప్పుడు తిరుపత్తూరులో మాతోనే వున్నారు. ఎడమచెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, అన్నం కుడిచేత్తో తింటారు గనుక దానికేమీ లోటు లేదంటారు. నెలకు ఒకసారి తెల్లవారుజామున బయలుదేరి వాణియంబాడి, ఆంబూరు మీదుగా వేలూరుకు పోయి వస్తాము. పోయినప్పుడల్లా ఆయన నిటారుగానే నిలబడతారు. బస్సులో తిరిగి వస్తూ నేను సంచి విప్పి అట్టలు లెక్కపెడతాను. మొదట్లో కోప్పడ్డారు. ఇప్పుడు ఆయనే చెబుతున్నారు, "ముప్పై నాయనా. చూసుకొన్నాను" అని.

గ్రంథాలయంలో నన్ను అడిగిన పెద్దాయనకు ఒక మనవి. అయ్యా, మీరు అడిగినట్టు వ్రాశాను. ఈసారి ఆదివారం వచ్చినప్పుడు మీ మందుల చీటీ కూడా తీసుకురండి. పరవాలేదంటే వదిలిపెట్టను.

వచ్చే నెల మళ్ళీ కలుసుకొందాము.